డ్రమ్ముల్లో సవన్నా: ఏడాది పాటు రాసుకున్న ప్రాజెక్టు డైరీ

వారం 0

పెరట్లో ఐదు ఇనుప డ్రమ్ములు వరసగా నిలబెట్టాను. ఒక్కోటి 200 లీటర్లది. పైమూత కోయించి, అడుగున కన్నాలు కొట్టించి, రెండేసి గంపల కంకర, ఆపైన ఇసుక కలిపిన ఎర్రమట్టి నింపేసరికి నడుం పట్టేసింది. మట్టి నిండాక ఒక్కో డ్రమ్ము 300 కిలోల పైనే ఉంటుంది కాబట్టి ఇక వీటిని ఎక్కడికీ జరిపేది లేదు, ఏది చేసినా ఇక్కడే చేయాలి. ఈ సంగతి ముందే ఆలోచించి ఉంటే ఒకటి దూరంగా పెట్టేవాణ్ణి, ఎందుకో తర్వాత చెబుతాను.

ఎందుకీ పని అంటే, సవన్నా, అంటే అక్కడక్కడ చెట్లున్న ఉష్ణమండలపు గడ్డినేల, అనగానే నా బుర్రలో ఒకే బొమ్మ ఉండేది: గొడుగు విప్పినట్టు ఒక తుమ్మ చెట్టు, వెనక సూర్యుడు, కింద ఎక్కడో గడ్డి. ఆ చెట్లు అలా దూరం దూరంగా ఎందుకు ఉంటాయి అని అడిగితే, వాన చాలక అని ఠక్కున చెప్పేవాణ్ణి. కానీ బ్రెజిల్‌లోని సెరాడో అనే సవన్నాలో ఏడాదికి దాదాపు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత వానలో అడవి హాయిగా పెరగొచ్చు. మరి అక్కడ గడ్డి ఎలా నిలబడింది? ఈ ప్రశ్న బుర్రలోంచి పోలేదు. చదివి వదిలేయకుండా చేతులతో చేసి చూద్దామనిపించింది.

ప్లాన్ ఇది. గడ్డిగా గినియా గడ్డి తీసుకున్నాను, ఇది అసలు ఆఫ్రికా సవన్నా గడ్డే, పశువుల మేతగా ఉష్ణమండలం అంతా పాకింది. చెట్టుగా నల్లతుమ్మ, ఇదీ ఆఫ్రికాలో సవన్నా చెట్టే. ఒకటో డ్రమ్ములో గడ్డి, తుమ్మ రెండూ. రెండో దాంట్లో తుమ్మ ఒక్కటే. మూడో దాంట్లో రెండూ, కానీ గడ్డిని పశువులు మేసినట్టు కత్తిరిస్తూ ఉంటాను. నాలుగో దాంట్లో రెండూ, ఎండాకాలం చివర తగలబెడతాను. ఈ నాలుగింటికీ నీళ్ళు ఐదు నెలలే, తర్వాత బంద్. ఐదో డ్రమ్ములో కూడా రెండూ ఉంటాయి, ఏడాది మొత్తానికి నీళ్ళూ దాదాపు అంతే, కాకపోతే ప్రతి వారం కొంచెం కొంచెంగా, 52 వారాలూ. నిజం చెప్పాలంటే అన్నిటికంటే ఈ ఐదోదే బాగుంటుందని నా లోపలి నమ్మకం.

వాన లెక్క: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నా డ్రమ్ము నోరు 57 సెంటీమీటర్లు, అంటే పావు చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ. ఏడాదికి 800 మిల్లీమీటర్లు అనుకుంటే డ్రమ్ముకు 204 లీటర్లు. ఇరవై వారాలకు పంచితే వారానికి పది లీటర్ల చిల్లర. కానీ సవన్నాలో వాన అలా కొలిచి పోసినట్టు పడదు. అందుకని పాచిక. వారానికి ఒకసారి పాచిక వేస్తాను, ఎంత పడితే దాన్ని మూడుతో గుణించి అన్ని లీటర్లు పోస్తాను. ఒకటి పడితే మూడు లీటర్లు, ఆరు పడితే పద్దెనిమిది. ఐదో డ్రమ్ముకు మాత్రం పాచిక లేదు, వారానికి నాలుగు లీటర్లు. అసలు వాన లోపలికి రాకుండా పైన పారదర్శకమైన పాలికార్బనేట్ రేకులు కట్టాను.

వారం 2

తుమ్మ గింజలు మొలవలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. పైపొర రాయిలా ఉంది, నీళ్ళు లోపలికి పోవు. సహజంగా అయితే ఏ మేకో జింకో కాయలు తిని, గింజ కడుపులోంచి బయటపడేసరికి ఆ పొర మెత్తబడుతుంది. నా దగ్గర మేక లేదు కాబట్టి గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో ఒక్కో గింజ అంచు చిదిపి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. సగం గింజల్లో అప్పటికే సన్నటి గుండ్రటి కన్నాలు ఉన్నాయి, పురుగు లోపల తినేసి వెళ్ళిపోయింది. మిగిలినవి పొద్దున్నకు రెండింతలు ఉబ్బాయి. మళ్ళీ విత్తాను.

గడ్డి పిలకలు మాత్రం నాటిన నాలుగో రోజుకే కొత్త ఆకు వేశాయి.

వారం 5

డ్రమ్ముకు ఆరు తుమ్మ మొక్కలు ఉంచి మిగతావి పీకేశాను. పీకేటప్పుడే మొదటి ఆశ్చర్యం. పైన నాలుగు సెంటీమీటర్ల మొక్క, కింద వేరు నా జానెడు దాటి తెగింది. తెగిన ముక్క ఇంకా మట్టిలోనే ఉండిపోయింది. దీన్ని సరిగ్గా చూడాలని 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు రెండు, 1.2 మీటర్ల పొడవున కోయించి, నిలువునా రెండుగా చీల్చి, మళ్ళీ తీగతో బిగించి, మట్టి నింపాను. ఒక దాంట్లో తుమ్మ గింజ ఒక్కటే, రెండో దాంట్లో తుమ్మతో పాటు ఒక గడ్డి పిలక. కొన్ని వారాలయ్యాక తీగ విప్పితే పుస్తకం తెరిచినట్టు వేళ్ళు కనబడతాయి.

వారం 7

ఒక తప్పు చేశాను, దాచడం ఎందుకు. మట్టి నింపేటప్పుడు చెయ్యి ఊరుకోక పశువుల ఎరువు పావు వంతు కలిపాను. తోటపని అలవాటు. ఇప్పుడు గడ్డి చూస్తే మేత కోసం పెంచిన పొలంలా ఉంది, భుజం ఎత్తుకు దగ్గరగా. అందులో తుమ్మ మొక్కలు ఎక్కడున్నాయో వేళ్ళతో విడదీసి వెతుక్కోవాలి. చాలా సవన్నా నేలలు బాగా పాతవి, వేల వేల ఏళ్ళుగా వాన కడిగేయగా మిగిలినవి. సెరాడో నేల అయితే ఆమ్లం, పైగా అల్యూమినియం ఎక్కువ, సున్నం కలపడం మొదలుపెట్టాకే అక్కడ సోయా సాగు పెద్దయెత్తున కుదిరింది. నేనేమో పేద నేల గడ్డికి పెళ్ళిభోజనం పెట్టాను. తీసేయడం కుదరదు, అన్ని డ్రమ్ముల్లోనూ ఒకేలా కలిపాను కాబట్టి పోలికకు ఇబ్బంది లేదని సర్దిచెప్పుకున్నాను.

మూడో డ్రమ్ములో కత్తిరింపు మొదలైంది. మొదటిసారి నేలకు రెండు సెంటీమీటర్ల దాకా కోసేశాను, దుబ్బు రెండు వారాలు ముడుచుకుపోయింది. ఇప్పుడు పది సెంటీమీటర్లు వదిలి కోస్తున్నాను, పదిహేను రోజులకొకసారి. గడ్డి ప్రత్యేకత ఇదే కదా, పెరిగే మొగ్గ కొసన ఉండదు, అడుగున ఉంటుంది, పైన ఎంత మేసినా కింది నుంచి తోసుకొస్తూనే ఉంటుంది. తుమ్మ మొక్కకు ఆ సౌకర్యం లేదు, కొస పోతే పక్క మొగ్గ లేవాలి.

వారం 10

పాచిక వరసగా 1, 1, 2. మూడు వారాల్లో పన్నెండు లీటర్లు. వానాకాలం నడిమధ్యన కరువు. మొదట్లో ఇది ఆటలా ఉండేది, ఇప్పుడు పాచిక వేయాలంటేనే టెన్షన్.

గడ్డి ఆకులు మధ్యాహ్నానికి గొట్టాల్లా చుట్టుకుంటున్నాయి, సాయంత్రానికి మళ్ళీ విచ్చుకుంటున్నాయి. దానికేం భయం లేదు. చచ్చింది తుమ్మలే: ఒకటో డ్రమ్ములో రెండు, నాలుగో దాంట్లో ఒకటి. రెండో డ్రమ్ములో, అంటే గడ్డి లేని దాంట్లో, ఆరుకు ఆరూ పచ్చగా ఉన్నాయి. అదే మట్టి, అదే పాచిక, అదే నీళ్ళు. కత్తిరించే డ్రమ్ములో కూడా ఆరూ ఉన్నాయి.

అంటే మొక్కను చంపింది కరువు ఒక్కటే కాదు, పక్కనున్న గడ్డి. ఇదే గడ్డి సుఖంగా ఉండడానికి ఒక కారణం ఉంది. మొక్కజొన్న, జొన్న, చెరుకు లాగే సవన్నా గడ్డి కూడా సి4 రకం, అంటే ఎండతో పిండిపదార్థం తయారుచేసుకునే దారి దీనిది కాస్త వేరు. 1960ల్లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు ఈ దారిని విప్పి చెప్పారు. మంచి ఎండలో, వేడిలో, తక్కువ నీటితో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకోవడం దీని గుణం. దీనికి ఒకటే పడదు, నీడ. చెట్లు దగ్గర దగ్గరగా వచ్చి పైన పందిరి వేసేస్తే చాలా సవన్నా గడ్డి రకాలు చతికిలబడతాయి. కాబట్టి చెట్టు పెద్దదైతే గడ్డికి ముప్పు, గడ్డి బలంగా ఉంటే చిన్న మొక్కకు ముప్పు. ఎవరు ముందు ఎదుగుతారన్నదే అసలు పోటీ.

వారం 14

పైపులు తెరిచాను. పొద్దున్నే కూర్చుని, తీగ విప్పి, సన్నటి నీటి ధారతో మట్టి కడిగాను. రెండు గంటలు పట్టింది, మోకాళ్ళు పట్టేశాయి, కానీ ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

ఒంటరి తుమ్మ: పైన 21 సెంటీమీటర్లు, కింద వేరు 88. నిటారుగా, కొలబద్ద పెట్టి గీసినట్టు. పక్క వేళ్ళు తక్కువ.

గడ్డితో ఉన్న తుమ్మ: పైన 9 సెంటీమీటర్లు, కింద 41. గడ్డి వేళ్ళు పై 30 సెంటీమీటర్లలో దూదిలా కమ్మేసి ఉన్నాయి, వాటిని తప్పించుకుని కిందకు దిగడానికే తుమ్మకు ఇన్నాళ్ళు పట్టింది.

హైన్రిచ్ వాల్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చాలా ఏళ్ళ కిందటే ఒక మాట అన్నాడు: గడ్డి పైపొర నీళ్ళు తాగుతుంది, చెట్టు కింది పొర నీళ్ళు తాగుతుంది, అందుకే ఇద్దరూ కలిసి బతుకుతారు అని. వినడానికి చక్కగా ఉంటుంది. పెద్ద చెట్టుకు చాలాచోట్ల సరిపోతుంది కూడా. కానీ పైపు తెరిచి చూశాక అందులో చిక్కు కళ్ళముందే ఉంది. ఏ చెట్టూ పెద్ద చెట్టుగా పుట్టదు. కింది పొర దాకా చేరాలంటే ముందు గడ్డి వేళ్ళ వల లోంచి దిగాలి. ఆ దిగేలోపే చాలావరకు చస్తాయి.

వారం 17

ఇది ప్రాజెక్టుకు సంబంధం లేదు, అయినా రాయాలి. బట్టలకు గుచ్చుకునే గడ్డి ఒకటుంది, హెటెరోపోగాన్ కాంటార్టస్ అంటారు, ఉష్ణమండలం అంతా ఉంటుంది. దాని గింజకు ఒక పొడవాటి మెలితిరిగిన తోక. ఆ గింజను తడి గుడ్డ మీద పెట్టాను, తోక మెలి విప్పుకుంటూ గడియారం ముల్లులా గిర్రున తిరిగింది. ఎండలో పెడితే మళ్ళీ మెలి పడింది. మట్టి మీద ఇదే జరిగితే రాత్రి తేమకు, పగటి ఎండకు ఆ తిరుగుడుతో గింజ తనంతట తాను బరమాలా నేలలోకి దిగుతుంది. నేలలో వేలి మందం లోతున ఉంటే చాలు, పైన మంట పోయినా గింజకు ఏమీ కాదు. గింజే ఇంత ఏర్పాటు చేసుకుందంటే ఆ నేల మీద మంట ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టం కాదన్నమాట.

వారం 20

ఆఖరి పాచిక, 4. ఇరవై సార్లు వేసిన మొత్తం 66. అంటే డ్రమ్ముకు 198 లీటర్లు, దాదాపు 776 మిల్లీమీటర్లు. అనుకున్న దానికి దగ్గరే.

ఇవాళ్టి నుంచి నీళ్ళు బంద్. నిజమైన సవన్నాలో ఇది ఎలా జరుగుతుందంటే, భూమధ్యరేఖ దగ్గర వాన మేఘాల పట్టీ ఒకటుంది, అది సూర్యుడి వెంట ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది. పట్టీ నెత్తి మీద ఉన్నంతకాలం వాన, అవతలి అర్ధగోళానికి పోయాక నెలల తరబడి పొడి. అందుకే భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న సవన్నాలో పచ్చగా ఉన్నప్పుడు దక్షిణాన ఉన్నది ఎండి ఉంటుంది.

ఐదో డ్రమ్ము గురించి రాయాలి, ఎందుకంటే నా నమ్మకం అక్కడే బోల్తా పడింది. వారం వారం నాలుగు లీటర్లు అందుతున్న తుమ్మలు అన్నిటికంటే గిడసబారి ఉన్నాయి. గడ్డి పచ్చగా ఉంది, పొట్టిగా ఉంది. సన్నటి ఇనుప కడ్డీ గుచ్చి చూస్తే పది పన్నెండు సెంటీమీటర్లకే గట్టి పొడిమట్టి తగిలింది. అదే మిగతా డ్రమ్ముల్లో, పాచిక 6 పడిన వారం తర్వాత గుచ్చితే కడ్డీ మోచేతి లోతుకు దిగింది. నాలుగు లీటర్లంటే దాదాపు పదహారు మిల్లీమీటర్ల వాన, అది పైపొరలోనే ఆగిపోతుంది, అక్కడ కాచుకుని కూర్చున్న గడ్డి వేళ్ళు దాన్ని రెండు రోజుల్లో తాగేస్తాయి. ఒక్కసారిగా యాభై అరవై మిల్లీమీటర్లు పడితే గడ్డి అంతా తాగలేదు, మిగిలింది కిందకు జారుతుంది, అది తుమ్మ వాటా. ఏడాది మొత్తం ఎంత పడిందన్న లెక్క ఒక్కటే పట్టుకుని ఇన్నాళ్ళూ మాట్లాడాను. అది ఎలా పడిందన్నది అసలు లెక్కలోకే తీసుకోలేదు.

వారం 26

గడ్డి పసుపు రంగుకు తిరిగింది. తుమ్మలు ఆకులు రాల్చాయి. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

వారం 31

చెదలు వచ్చాయి. ఒకటో డ్రమ్ములో ఎండిన ఆకుల మీద, చచ్చిన తుమ్మ పుల్ల మీద మట్టి పొర పాకింది. మందు కొట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సవన్నాలో ఎండు గడ్డికి ముగ్గురే గిరాకీదారులు: మేసే జంతువు, మంట, చెద. ఆఫ్రికాలో పెద్ద పుట్టలు పెట్టే చెదలు లోపల బూజును సాగు చేసుకుంటాయి, కొరికి తెచ్చిన గడ్డిని ఆ బూజుతో మెత్తబరిపించుకుని తింటాయి. పుట్ట ఉన్నచోట మట్టి సారవంతమవుతుంది, చాలాచోట్ల చెట్లు పుట్టల మీదే గుంపుగా లేస్తాయి. ఉత్తర ఆస్ట్రేలియాలో ఒక రకం చెదలు పలకల్లా పలచటి పుట్టలు కడతాయి, అన్నీ ఉత్తర దక్షిణాలుగానే నిలబడి ఉంటాయి, మధ్యాహ్నపు ఎండ వాటి సన్నటి అంచు మీదే పడుతుంది.

నా చెదలు అంత ఘనకార్యం ఏమీ చేయలేదు. పదిరోజుల్లో చెత్త సగం తిని ఎటో వెళ్ళిపోయాయి.

వారం 38

మధ్యలో రెండుసార్లు చినుకులు పడినట్టుగా రెండేసి లీటర్లు చల్లాను, అంతే. నాలుగో డ్రమ్ములో ఇంకొక తుమ్మ పోయింది, నాలుగు మిగిలాయి. ఒకటో దాంట్లో మూడు. మూడో దాంట్లో ఐదు. రెండో దాంట్లో మాత్రం ఆరూ బతికే ఉన్నాయి, ఒకదాని కొసన ఈ ఎండలోనూ రెండు ఆకులు. కింద ఇంకా తేమ మిగిలినట్టుంది. ఆఫ్రికాలో ఫైధర్బియా ఆల్బిడా అని ఒక చెట్టు ఉంది, అది పూర్తిగా తిరగేసిన వ్యవహారం, వానాకాలంలో ఆకులు రాల్చి ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది.

వారం 45

ఇవాళ తగలబెట్టాలి. తగలబెట్టలేదు. గాలి ఉంది. రేకులు విప్పి, చుట్టూ నేల తడిపి, నీళ్ళ పైపు చేతికందేలా పెట్టుకుని, ఇద్దరం నిలబడ్డాక ఆకులు కదలడం చూసి ఆపేశాం. డ్రమ్ములు పక్కపక్కనే పెట్టడం ఎంత తెలివితక్కువో ఇప్పుడు తెలిసింది. నాలుగోదానికి రెండు పక్కలా తడిపిన గోనెపట్టాలు కప్పాలి.

వారం 46

తెల్లవారుజామున, గాలి స్తంభించిన వేళ. ఒక అగ్గిపుల్ల.

మంట ఇంత ఎత్తు లేస్తుందని అనుకోలేదు. డ్రమ్ములో భుజమెత్తు గడ్డి కదా, దాని మంట నా తల దాటి ఇంకా పైకి పోయింది, వేడికి ఇద్దరం నాలుగడుగులు వెనక్కి జరిగాం. చదివేవాళ్ళలో ఎవరైనా చేద్దామనుకుంటే నా మాట విని చిన్న తొట్టెలో, మోకాలి ఎత్తు గడ్డితో చేయండి, పిల్లలను దూరంగా ఉంచండి. అసలు మంట నిమిషం కూడా లేదు. తర్వాత ఐదు నిమిషాలు పొగ. ముందే మట్టిలో రెండు ఉష్ణమాపకాలు గుచ్చి ఉంచాను: రెండు సెంటీమీటర్ల లోతున 27 నుంచి 32 డిగ్రీలకు పెరిగింది, ఐదు సెంటీమీటర్ల లోతున కదల్లేదు. పైన అంత గోల, కింద ఏమీ ఎరగనట్టు.

తుమ్మలు నాలుగూ నల్లటి పుల్లలై నిలబడ్డాయి. చూసి మనసు చివుక్కుమంది. ఏడాది పెంచాను కదా.

ఆ ఊపులోనే ఇంకో ప్రయత్నం చేశాం, అనుకున్నది కాదు. మూడో డ్రమ్ములో కత్తిరించిన గడ్డి కూడా ఎండే ఉంది, దానికీ నిప్పు పెట్టి చూద్దామనుకున్నాం. నాలుగు అగ్గిపుల్లలు అయ్యాయి. దుబ్బు ఒకటి కాస్త అంటుకుని, పక్క దుబ్బుకు అందక ఆరిపోయింది. మధ్యలో ఖాళీ నేల. తుమ్మలు ఐదూ క్షేమం, వాటిలో పెద్దది 70 సెంటీమీటర్లు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని అంటారే, అదే ఇక్కడ. తుమ్మను గడ్డి తొక్కుతుంది, పెరిగిన గడ్డి మంటను పిలిచి మిగిలిన తుమ్మనూ కాల్చేస్తుంది, కానీ గడ్డిని మేసే నోరు ఒకటి వస్తే మంట ఆకలితో చస్తుంది, తుమ్మ బతుకుతుంది. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి సవన్నాలో పెద్దయెత్తున జరిగింది ఇదే. 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల వ్యాధి ఆఫ్రికాలోకి వచ్చి పశువులను, అడవిదున్నలను, గడ్డి మేసే వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువులను ఊడ్చేసింది. తర్వాత చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయగా 1960ల నాటికి అక్కడ వ్యాధి పోయింది, 1961లో రెండున్నర లక్షలకు దగ్గరగా ఉన్న వైల్డ్‌బీస్ట్‌లు 1970ల చివరికి పదమూడు లక్షలు దాటాయి. అన్ని నోళ్ళు మేస్తుంటే కాలడానికి గడ్డి మిగల్లేదు, మంటలు తగ్గాయి, చెట్లు పెరిగాయి. ఒక పశువుల టీకాకు, తుమ్మ చెట్ల సంఖ్యకు సంబంధం ఉందని ఎవరైనా చెబితే ఏడాది కిందట నవ్వేవాణ్ణి. అన్నట్టు ఆ వ్యాధి ప్రపంచం మొత్తం మీదే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు.

వారం 48

మంట తర్వాత ఒకసారి పాచిక వేసి, 3 పడితే తొమ్మిది లీటర్లు పోశాను. ఆరో రోజుకే కాలిన దుబ్బుల మధ్య నుంచి పచ్చటి సూదులు. అంత ముదురు పచ్చ ఈ ఏడాదిలో ఏ డ్రమ్ములోనూ చూడలేదు.

పక్కనే ఒకటో డ్రమ్ముకూ అదే తొమ్మిది లీటర్లు పోశాను. కోయలేదు, కాల్చలేదు, నిరుటి ఎండుగడ్డి మొత్తం అలాగే ఉంది. కొత్త పిలకలు ఆ ఎండు చెత్త కింద పాలిపోయి, వెలుతురు కోసం మెడలు చాస్తున్నాయి. గడ్డిని ఎవరూ ముట్టుకోకుండా కాపాడితే బాగుంటుందనుకుంటాం. దాని పాత ఆకులే దాని పీక నులుముతున్నాయి.

వారం 49

కాలిన నాలుగు తుమ్మల్లో ఒకటి చిగురు వేసింది! నల్లటి పుల్ల పక్కన, మట్టి మట్టానికి కాస్త కింద నుంచి, ఎర్రటి మొన.

వారం 51

రెండోది కూడా. మిగతా రెండు పోయాయి, తవ్వి చూస్తే వేరు మొదట్లోనే నల్లబడి ఉంది. మొలిచిన మొదటిదాని చిగురు పదిహేను రోజుల్లోనే 14 సెంటీమీటర్లు పెరిగింది, గింజ నుంచి వచ్చినప్పుడు ఈ ఎత్తుకు నెలలు పట్టింది. కింద దాచుకున్న నిల్వ మీద పెరుగుతోంది.

మంట చేసే పని ఇదేనట: మొక్కను చంపడం కంటే పొట్టిగా ఉంచడం. మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ కాలుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. కొస మంటకు అందనంత ఎత్తుకు, అంటే రెండు మూడు మీటర్లు దాటేదాకా దీనికి విముక్తి లేదు. ఎప్పుడో వరసగా కొన్నేళ్ళు మంట రాకపోతే ఒక్క దూకులో ఆ గీత దాటేస్తుంది. పైన చిన్న మొక్కలా కనబడేది కింద ఎన్నో ఏళ్ళ వేరు అయి ఉండొచ్చు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో 1954 నుంచి ఇందుకోసమే కొన్ని మడులు కేటాయించి, కొన్నిటిని ఏటా, కొన్నిటిని కొన్నేళ్ళకొకసారి కాలుస్తూ, కొన్నిటిని అసలు కాల్చకుండా చూస్తున్నారు. వాళ్ళది అన్ని దశాబ్దాల ఓపిక, నాది ఐదు డ్రమ్ములు.

వాన సంగతి కూడా పూర్తిగా కొట్టిపారేయలేం. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆఫ్రికాలోని 854 చోట్ల లెక్కలు పోగేసి చూసింది. ఏడాదికి దాదాపు 650 మిల్లీమీటర్ల లోపు వాన ఉన్నచోట చెట్లు ఎంతవరకు కమ్ముకోగలవో వానే హద్దు గీస్తుందట. అంతకు మించితే నీళ్ళు చెట్లకు సరిపోతాయి, అక్కడ గడ్డి మిగలాలంటే మంటో మేతో చెట్లను వెనక్కి నెడుతూ ఉండాలి. నా 776 ఆ గీతకు కాస్త అవతల. గడ్డి లేని రెండో డ్రమ్ములో ఆరు తుమ్మలూ ఎందుకు బతికాయో ఇప్పుడు అర్థమవుతోంది.

వారం 52

కొలతలు. గడ్డి, తుమ్మ కలిసినది: మూడు బతికాయి, పెద్దది 33 సెంటీమీటర్లు. తుమ్మ ఒక్కటే: ఆరు, పెద్దది 1.4 మీటర్లు. మేత డ్రమ్ము: ఐదు, పెద్దది 74. కాల్చినది: రెండు, పెద్దది 17. వారం వారం నీళ్ళు: ఐదు, పెద్దది 19. కాల్చిన తుమ్మకూ, ఏడాది పొడవునా నీళ్ళు తాగిన తుమ్మకూ తేడా రెండు సెంటీమీటర్లు!

లోపాలు నాకు తెలుసు. ఒక్కో రకానికి ఒక్కో డ్రమ్మే, కాబట్టి దీన్ని రుజువు అనలేను. నా కత్తెర గడ్డినే మేసింది, తుమ్మ చిగుళ్ళను మేసే జిరాఫీ పని, చెట్టునే కూల్చే ఏనుగు పని ఎవరూ చేయలేదు. వచ్చే ఏడాది మూడో డ్రమ్ములో సగం తుమ్మల కొసలు కూడా తుంచాలి. ముళ్ళు పొడుగవుతాయేమో చూడాలి. కెన్యాలో ముళ్ళ అడుగు బుడగలా ఉబ్బి, అందులో చీమలు కాపురముండే ఒక తుమ్మ ఉంది, చీమలు చేసిన కన్నాల్లోంచి గాలి పోతే ఈల వినబడుతుంది. పెద్ద జంతువులు రాకుండా ఏళ్ళ తరబడి కంచె వేసిన చోట ఆ చెట్టు చీమలకు ఇచ్చే తేనె, ఇళ్ళు రెండూ తగ్గించేసిందని 2008లో రాశారు. మేసేవాడే లేకపోతే కాపలావాడికి జీతం దేనికి?

ఒకటో డ్రమ్మును ఏం చేయాలో తేలడం లేదు. కాల్చాలా, అలాగే వదలాలా. ఎండు చెత్త తీసేద్దామని చెయ్యి పోతోంది, కానీ వదిలితే రెండో ఏడాది గడ్డి తనంతట తాను ఎంత పలచబడుతుందో చూడాలనీ ఉంది. ప్రస్తుతానికి వదిలేస్తున్నాను.

ఐదో డ్రమ్ముకు వారం వారం నీళ్ళు ఆపేశాను, దానికీ ఈసారి పాచికే. పైపులు రెండు మీటర్లవి కోయించాను, 88 సెంటీమీటర్లు తొమ్మిది వారాలకే దిగిన వేరు ఎంతదాకా పోతుందో చూద్దాం. రేకులు మళ్ళీ కట్టేశాం. సాయంత్రం రెండో ఏడాది మొదటి పాచిక వేశాను. ఒకటి పడింది.